పేజీలు తిప్పినోడు

ఫ్యాను తిరగడం లేదంటే పోయినా నేను.
పొగతోటలో నర్సుల పాత క్వార్టర్సు, రేకుల వరండా.
మే నెల. పెన్నలో ఇసక కాలతా ఉండింది.
కెపాసిటర్ మార్చి, స్విచ్చేసి, తిరిగింది చూసుకోని
నిచ్చెన దిగతా ఉంటే సువార్తమ్మ సిస్టరు అనింది:
"బాగా తిరగతా ఉండాది నాయనా. ఇంక ఆపెయ్."

కాయితాలు ఎగిరిపోతాయంట.

ముగ్గురుండారు లోపల.
సిస్టరు ముందర పియానో. ఎప్పుడో దొరసాని వదిలేసి పోయింది,
కాళ్ళకింద కిరసనాయిలు గిన్నెలు, చెదలెక్కకుండా.
కాలేషా గారి మోకాళ్ళ మధ్య మనిషంత వయొలిన్,
సెల్లో అంటారంట దాన్ని.
ముప్పై ఏళ్ళు కోడంబాకంలో
హీరోయిన్ ఏడ్చినప్పుడల్లా వెనకాల ఏడ్చింది అదే.
కీబోర్డులొచ్చి ఏడుపులు గూడా చవకైపోయినాక
పినాకినిలో పక్కన కూర్చోబెట్టుకోని తెచ్చుకున్నాడు.
"దానికీ టికెట్టు కొన్నాబ్బా" అంటాడు ఇప్పటికీ.
మూలాపేట పెంచలయ్య మాస్టారు మాత్రం
కుర్చీ వద్దని చాప మీదే,
వయొలిన్ కొస మడమకి ఆనించి.
ఆయనకి ఆ చుక్కల రాత రాదు.
సిస్టరు వాయించి వినిపిస్తే
సరిగమలు రాసుకున్నాడు, పాల లెక్కల పుస్తకంలో.

"రవణయ్యా, నేను తల ఊపితే పేజీ తిప్పు."
ఫ్యాను తిప్పినోడికి పేజీ ఒక లెక్కా.

మొదలు శ్రుతి కలవలా.
చెమ్మకో, వయసుకో, పియానో అరమెట్టు దిగిపోయి ఉండాది.
ఎక్కించాలంటే మద్రాసు నించి మనిషి రావాల,
ఎక్కిస్తే తీగలు తెగతాయని భయం.
మాస్టారు కాసేపు కళ్ళు మూసుకున్నాడు.
"పెద్దామె ఎక్కలేదు. మనమే దిగదాం" అని
బిరడా తిప్పినాడు.
కాలేషా గారూ తిప్పినాడు.
రెండూ మూలిగి మూలిగి దిగొచ్చి
ఆమె పక్కన కూర్చున్నాయి.

పాటంటే నాకు తెలుసు. మాటలుంటాయి, పల్లవి తిరిగొస్తది.
దీన్లో ఎవురు పాడతా ఉండారో, ఎవురు వింటా ఉండారో
పట్టుకుందామంటే దొరకదు.
వయొలిన్ ఏదో అడగద్ది, సెల్లో వెంటనే చెప్పదు,
పియానో నడిమధ్య ఇంకేదో కతెత్తుకుంటది.
ముగ్గురూ ఒకేసారి మాట్లాడతా ఉన్నా
ఒక్క మాటా కింద పడలా.

త్రీఫేజు కరెంటు అట్నే ఉంటది.
ఒక తీగ లేస్తా ఉంటే ఒకటి దిగతా,
మూడోది ఆ రెండిటి మధ్యలో యాడో.
మూడూ ఒక్కసారి అలిసిపోవు,
అందుకే మోటారు తడబడదు.
ఇంతకన్నా చెప్పే చేతకాదు నాకు.

రెండో దాన్లో, నిదానంగా పోయేదాన్లో,
ఒక మెట్టు కాడ సిస్టరు వేలు నొక్కితే
టక్కుమని చెక్క చప్పుడు. అంతే.
ఆ మెట్టు చచ్చిపోయి ఏళ్ళయిందంట.
స్వరం మాత్రం వినబడింది.
బిత్తరపోయి చూస్తే
కాలేషా గారు తల ఎత్తలా.
తన పని తాను చేసుకుంటానే
ఆ ఒక్క చోటికి వేలు చాపి
అందించి, వెనక్కి పోయినాడు.
వచ్చిన ప్రతిసారీ. పదకొండు సార్లు, లెక్కబెట్టినా.
ఆ లెక్కలో పడి
సిస్టరు తల ఊపితే తిప్పడం మరిచిపోయినా.

ఆగలా ఆమె.
తిప్పని పేజీ మీద నించి తర్వాతి పేజీ వాయించేసింది.

అయిపోయినాక, చెమట తుడుచుకోని అడిగినా:
"నోటికొచ్చు గదమ్మా, మరి ఫ్యాను ఎందుకాపించినట్టు?"
"అదీ ఒక శ్రుతిలో తిరగతా ఉంటది నాయనా" అనింది,
"దానికి గూడా దిగాలంటే
ఇంక మాకు మెట్లు లేవు."

మూడొందల యాభై ఇచ్చినారు, కెపాసిటర్‌తో కలిపి.
బండి తీసి ట్రంకు రోడ్డెక్కితే
ఏ హారను ఆ హారనే.
సంతపేట మలుపు కాడ
ట్రాన్స్‌ఫార్మర్ కింద బండి ఆపి
అది గొణిగే శ్రుతిని గొంతులో పట్టుకోని చూసినా.
అందలా.
కొంచెం దిగి చూసినా.